సీఎస్ఆర్ రెండు శాతం చట్టం వల్ల ఏం జరిగింది? బిజినెస్ స్కూళ్ల పరిశోధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని 2013లో మన పార్లమెంటు చట్టం చేసింది. ఈ ఖర్చునే సీఎస్ఆర్, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత అంటారు. ఆ చట్టం ఏం చెబుతుందో ఏ సీఏను అడిగినా చెబుతారు. దాని వల్ల నిజంగా ఏం మారిందన్నది మాత్రం అంత సులువుగా దొరకదు. ఆ పని మీద కూర్చున్నవాళ్లలో బిజినెస్ స్కూలు పరిశోధకులు ముందున్నారు, అందులో హైదరాబాద్ వాళ్లు కూడా ఉన్నారు. స్వచ్ఛంద సంస్థల వాళ్లు, సర్పంచులు, ఎంబీఏ విద్యార్థులు, షేర్లు కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాం.

ఈ చట్టం ఎవరికి వర్తిస్తుంది?

కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ఇది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గడిచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ (అప్పులు పోను మిగిలేది) 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ దీని కిందికి వస్తుంది. ఆచరణలో ఎక్కువ కంపెనీలను పట్టేది మూడోదే. అయిదు కోట్ల లాభం వచ్చే మధ్యతరహా కంపెనీలు మన పటాన్‌చెరు, జీడిమెట్ల, గాజువాక, శ్రీసిటీల్లో చాలానే ఉంటాయి. సీఎస్ఆర్ అనగానే టాటాలు, ఇన్ఫోసిస్‌లే గుర్తొస్తాయి గానీ, చట్టం పరిధిలో ఉన్నవాటిలో చాలావాటి పేర్లు మనం విని కూడా ఉండం.

రెండు శాతం దేని మీద? అమ్మకాల మీదా, లాభం మీదా?

లాభం మీద. అదీ ఒక్క ఏడాది లాభం కాదు, గడిచిన మూడేళ్ల సగటు. ఒక కంపెనీకి వరసగా 4, 5, 9 కోట్ల లాభం వచ్చిందనుకోండి. చివరి ఏడాది 5 కోట్ల గీత దాటింది కాబట్టి చట్టం వర్తిస్తుంది. మూడేళ్ల సగటు 6 కోట్లు, అందులో రెండు శాతం 12 లక్షలు. ఈ 12 లక్షల్లో ఆఫీసు ఖర్చుల కింద అయిదు శాతానికి మించి, అంటే 60 వేలకు మించి, చూపించకూడదు. కట్టాల్సిన మొత్తం 50 లక్షలు మించదు కనుక విడిగా సీఎస్ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, ఆ పని బోర్డే చేసుకోవచ్చు.

ఈ లెక్కలో లాభమంటే పన్ను కట్టకముందు లాభం, చట్టంలోని 198వ సెక్షన్ చెప్పిన పద్ధతిలో తీసినది. లాభనష్టాల ఖాతా చివరి గీత దగ్గర కనిపించే అంకెను పట్టుకుని రెండు శాతం తీస్తే తప్పు జవాబే వస్తుంది. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే.

అసలు ఇలాంటి చట్టం చేయాలని ఎందుకనుకున్నారు? సత్యం కుంభకోణానికీ దీనికీ సంబంధం ఉందా?

నేరుగా లేదు. కానీ కాలం ఒకటే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని దాని ఛైర్మనే ఒప్పుకున్నాక, కార్పొరేట్ సంస్థల మీద ఉన్న నమ్మకం బాగా దెబ్బతింది. పాత 1956 చట్టం స్థానంలో కొత్తది తేవాలన్న పని అప్పటికే నడుస్తోంది, ఆ దెబ్బతో దానికి ఊపు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కార్పొరేట్ వ్యవహారాల శాఖ సీఎస్ఆర్ మీద స్వచ్ఛంద మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇష్టమైతే పాటించండి అన్నట్టుగా. తర్వాత పార్లమెంటరీ స్థాయీ సంఘం దగ్గరికి వెళ్లేసరికి రెండు శాతం అనే అంకె బిల్లులోకి వచ్చి కూర్చుంది. పరిశ్రమ వర్గాలు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. లోక్‌సభ 2012 డిసెంబరులో, రాజ్యసభ 2013 ఆగస్టు 8న ఆమోదించాయి. అదే నెల 29న రాష్ట్రపతి సంతకం అయింది.

సత్యం సంగతి ఇక్కడ ఇంకో రకంగా పనికొస్తుంది. బయటపడటానికి కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి మంచి పాలనకు ఇచ్చే ఒక అవార్డు దక్కింది. ప్రమోటర్ల కుటుంబం పెట్టిన ఫౌండేషన్ గోదావరి జిల్లాల పల్లెల్లో చేసిన పనులకు మంచి పేరుంది. ఆ పనులు నిజమే, పుస్తకాల్లో లెక్కలు అబద్ధమూ నిజమే. సీఎస్ఆర్ బాగా చేసే కంపెనీ మంచి కంపెనీయే అయి ఉంటుందన్న లెక్క అంత తేలిగ్గా కుదరదని తెలుగువాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

లాభాలు పెంచడం నేర్పే బిజినెస్ స్కూళ్లకు సమాజం, ప్రభుత్వ విధానాలతో ఏం పని?

మన దేశంలో మేనేజ్‌మెంట్ చదువు మొదటి నుంచీ ప్రభుత్వానికి ఆనుకునే పెరిగింది. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ 1956లో పుట్టిందే ప్రభుత్వ అధికారులనూ, కంపెనీ మేనేజర్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టడానికి. 1961లో పెట్టిన అహ్మదాబాద్ ఐఐఎంలో వ్యవసాయ నిర్వహణకు మొదటి నుంచీ ప్రత్యేక విభాగం ఉంది. 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో పెట్టిన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా, పాల సహకార సంఘాల లాంటి గ్రామీణ సంస్థలకు మేనేజర్లను తయారు చేయడానికే వచ్చింది. గచ్చిబౌలిలో 2001లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ)లోనూ ప్రజా విధానాలకు ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది.

సీఎస్ఆర్ చట్టం అయితే వీళ్లకు కోరి వచ్చిన అవకాశం. కంపెనీ సమాజానికి ఇవ్వడం వల్ల వాటాదారుకు లాభమా, నష్టమా అన్న వాదన అమెరికాలో దశాబ్దాలుగా నడుస్తోంది. మిల్టన్ ఫ్రీడ్‌మన్ లాంటివాళ్లు వ్యాపారం బాధ్యత లాభం సంపాదించడమేనన్నారు, కాదన్నవాళ్లు కాదన్నారు. రెండు పక్షాల దగ్గరా గట్టి సాక్ష్యం లేకపోయింది. ఎందుకంటే బాగా సంపాదించే కంపెనీలే బాగా ఇస్తాయి. ఇవ్వడం వల్ల సంపాదించాయా, సంపాదించాయి కాబట్టి ఇచ్చాయా అన్నది విడదీయడం కుదరదు. భారతదేశం ఒక గీత గీసి, ఇటువైపు ఉన్నవాళ్లు ఇవ్వాలి, అటువైపు వాళ్లు ఇవ్వక్కర్లేదు అనేసరికి ఆ ముడి విప్పే దారి దొరికింది.

గీత ఉంటే పరిశోధనకు ఎలా పనికొస్తుంది?

ఒక కంపెనీకి 4 కోట్ల 90 లక్షల లాభం వచ్చింది. ఇంకోదానికి 5 కోట్ల 10 లక్షలు. వ్యాపారపరంగా ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. అదే ముడిసరుకు, అదే బ్యాంకు వడ్డీ, ఒకటే రకం యజమాని. కానీ రెండోది చట్టం కిందికి వస్తుంది, మొదటిది రాదు. గీతకు కాస్త ఇవతల, కాస్త అవతల ఉన్న కంపెనీలను పక్కపక్కన పెట్టి, చట్టం వచ్చినప్పుడు వాటి షేర్లు ఎలా కదిలాయో చూస్తే, ఆ తేడా చాలావరకు చట్టం వల్ల వచ్చిందే అనుకోవచ్చు. దీన్నే రిగ్రెషన్ డిస్‌కంటిన్యూటీ అంటారు. పేరు భయపెడుతుంది గానీ ఆలోచన ఇంతే.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. గీత ఎక్కడుందో కంపెనీ అకౌంటెంట్‌కూ తెలుసు. లాభాన్ని 4.95 కోట్ల దగ్గర ఆపేయగలిగితే, గీతకు ఆ పక్కన ఉన్నవాళ్లు మామూలు కంపెనీలు కారు, తప్పించుకున్న కంపెనీలు అవుతాయి. అందుకే చట్టం రాబోతోందని కంపెనీలకు గట్టిగా తెలియకముందు నాటి లాభాలను ఆధారంగా తీసుకోవడం, గీత పక్కన అసహజంగా గుంపు కట్టాయేమో చూడటం ఇలాంటి పరిశోధనలో మొదటి పని. ఈ పరీక్ష చేయకుండా ఫలితం చెప్పే పేపరు కనిపిస్తే అనుమానంగానే చదవండి.

అలా చూస్తే ఏం తేలింది?

ఎక్కువమంది ప్రస్తావించే పరిశోధన 2017లో వచ్చింది. ఐఎస్‌బీ హైదరాబాద్‌కు చెందిన హరిఓం మంచిరాజు, కొలంబియా బిజినెస్ స్కూల్‌కు చెందిన శివరామ్ రాజ్‌గోపాల్ కలిసి చేశారు. బిల్లు ఒక్కో మెట్టు ఎక్కుతున్నప్పుడు మార్కెట్ ఎలా స్పందించిందో తేదీల వారీగా చూశారు. ఖర్చు పెట్టక తప్పని కంపెనీల షేరు విలువ సగటున 4.1 శాతం తగ్గిందని తేల్చారు.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. రెండు శాతమే ఖర్చు కదా, నాలుగు శాతం ఎందుకు పడింది? పన్నుకు ముందు లాభం 100 రూపాయలు అనుకోండి. అప్పటి రేట్లలో సుమారు 34 రూపాయలు పన్ను పోతే వాటాదారుకు మిగిలేది 66. సీఎస్ఆర్ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకునే వీలు లేదు. కాబట్టి ఆ 2 రూపాయలు ఈ 66లోంచే పోతాయి, అంటే దాదాపు 3 శాతం. మార్కెట్ 3తో ఆగకుండా 4 దాకా వెళ్లింది. పైన కనిపించే ఆ ఒక్క శాతం భయం అని నేననుకుంటాను: ఇవాళ రెండన్న ప్రభుత్వం రేపు మూడనదా, ఈ డబ్బు ఎక్కడ పెట్టాలో స్థానిక నాయకులు వచ్చి చెప్పరా అని. ఇది నా లెక్కే, పేపర్లో ఉన్నది కాదు.

అయితే సీఎస్ఆర్ వల్ల కంపెనీలకు నష్టమని రుజువైనట్టేనా?

కాదు. ముందుగా, ఇష్టపడి ఇచ్చేదానికీ, బలవంతంగా ఇప్పించేదానికీ తేడా ఉంది. ఈ పరిశోధన రెండోదాని గురించే చెబుతుంది. ఎంత ఇస్తే తమకు మేలో ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉంటుంది, అందరికీ ఒకే కొలత పెడితే ఆ లెక్క చెడుతుంది. అదే పేపర్లో ఇంకో ముక్క ఉంది, పత్రికల్లో అంతగా రాలేదు: ప్రకటనల మీద బాగా ఖర్చు పెట్టే కంపెనీలకు ఈ దెబ్బ తగల్లేదు. సబ్బులు, బిస్కెట్లు అమ్మేవాళ్లకు మంచిపేరు కూడా సరుకే. ఫ్యాక్టరీలకు బేరింగులు అమ్మేవాడికి ఆ పేరుతో పెద్దగా పనిలేదు.

ఇంకో పరిమితి గీతకే ఉంది. 5 కోట్ల లాభం దగ్గర గీత పెట్టి చూసినప్పుడు తెలిసేది 5 కోట్ల దగ్గర ఉన్న కంపెనీల సంగతి. వేల కోట్ల లాభాలున్న కంపెనీలు ఎలా ప్రవర్తించాయో దీన్నుంచి చెప్పలేం.

చట్టం రాకముందే బాగా ఖర్చు పెడుతున్న కంపెనీలు ఏం చేశాయి?

మొత్తం వ్యవహారంలో నాకు ముఖ్యమనిపించేది ఇదే. ఇద్దరు న్యాయ ఆచార్యులు, ధమ్మిక ధర్మపాల, విక్రమాదిత్య ఖన్నా, లెక్కలు తీసి చూశారు. తక్కువ ఇస్తున్న కంపెనీలు పెంచాయి. అది అనుకున్నదే. కానీ అంతకుముందు రెండు శాతం కన్నా ఎక్కువ ఇస్తున్న పెద్ద కంపెనీలు కిందికి దిగి ఆ రెండు శాతం దగ్గరికి వచ్చాయి. చట్టం ఎవరినీ తగ్గించమనలేదు. కనీసం ఇంత అన్నదాన్ని ఇంతే చాలు అని చదువుకున్నారు.

వినాయక చవితికి కాలనీ కమిటీ ఇంటికి 500 అని రేటు కట్టిన ఏడాది ఏం జరుగుతుందో మనకు తెలుసు. అసలు ఇవ్వనివాళ్లు 500 ఇస్తారు. ఏటా 2000 ఇచ్చే పెద్దాయన కూడా ఆ ఏడు 500 కాగితం చేతిలో పెట్టి లోపలికెళ్లిపోతాడు.

ఆ పెద్దాయన ఎందుకు తగ్గించాడన్నదాని మీద రాజ్‌గోపాల్, ఐఎస్‌బీకి చెందిన ప్రసన్న తంత్రి కలిసి మరో పరిశోధన చేశారు, 2023లో వచ్చింది. వాళ్ల వాదన ఇది. ఎవరూ అడగకుండా ఇచ్చినప్పుడు ఆ ఇవ్వడం ఒక సంకేతం. ఈ కంపెనీ మిగతావాటిలాంటిది కాదు అని కొనేవాళ్లకూ, ఉద్యోగులకూ చెబుతుంది. అందరూ ఇవ్వాలన్న రూలు వచ్చాక ఆ సంకేతానికి విలువ పోయింది. అందుకని ముందు నుంచీ స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్లు తగ్గించారు, ఆ లోటు పూడ్చుకోవడానికి ప్రకటనల ఖర్చు పెంచుకున్నారు. మంచిపేరు కొనడానికి వేరే దుకాణానికి వెళ్లారన్నమాట.

ఈ లెక్కలను ఎంతవరకు నమ్మొచ్చు?

చాలావరకు. ఒక్క మెలిక గుర్తుపెట్టుకోవాలి. 2014కు ముందు కంపెనీలు సీఎస్ఆర్ ఖర్చును విడిగా చూపించాలన్న నియమం లేదు. పరిశోధకులు సీఎంఐఈ అనే ఆర్థిక సమాచార సంస్థ వారి ప్రొవెస్ డేటాబేస్‌లో (కంపెనీల లెక్కలు ఉండే చోటు) విరాళాలు, సామాజిక ఖర్చులు లాంటి పద్దులను చూసి అంచనా వేసుకున్నారు. అంతకుముందు టౌన్‌షిప్ నిర్వహణ కిందో, పబ్లిక్ రిలేషన్స్ కిందో రాసినది తర్వాత సీఎస్ఆర్ పద్దులోకి మారి ఉండొచ్చు. పాత ఖర్చుకే కొత్త పేరు పెడితే పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. పెద్ద కంపెనీల విషయంలో తగ్గుదల కనిపించింది కాబట్టి ఈ అనుమానం ఆ ఫలితాన్ని పెద్దగా కదపదు. పెరిగిందన్న ఫలితం మీదే కాస్త నీడ పడుతుంది.

చివరికి మొత్తం డబ్బు పెరిగిందా, తగ్గిందా?

పెరిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 2014-15లో దాదాపు 10 వేల కోట్లు ఖర్చయితే, 2022-23కి అది 30 వేల కోట్లకు దగ్గరైంది. అయితే ఇందులో లాభాలు పెరగడం వల్ల వచ్చినదెంత, చట్టం వల్ల వచ్చినదెంత, ధరల పెరుగుదల ఎంత అన్నది విడదీసి చూడాలి. మంత్రులు చెప్పే అంకెలో ఇవన్నీ కలిసే ఉంటాయి.

ఖర్చు పెట్టకపోతే జైలు శిక్ష ఉంటుందా?

లేదు. అలా ఉండబోతోందని 2019లో టెన్షన్ మొదలైన మాట నిజం. ఆ ఏడాది సవరణలో బాధ్యులైన అధికారులకు మూడేళ్ల దాకా జైలు అని రాశారు. పరిశ్రమ గోల చేసింది, ఇంజేటి శ్రీనివాస్ అధ్యక్షతన వేసిన ఉన్నతస్థాయి కమిటీ కూడా క్రిమినల్ శిక్షలు వద్దంది. ఆ నిబంధన అమల్లోకి రాకుండానే పోయింది.

2014 నుంచి 2021 దాకా ఖర్చు పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో బోర్డు రిపోర్టులో రాస్తే సరిపోయేది. 2021 జనవరి 22 నుంచి కథ మారింది. నడుస్తున్న ప్రాజెక్టు డబ్బు మిగిలితే ఆర్థిక సంవత్సరం అయిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో వాడాలి. మిగతాది ఆరు నెలల్లో ప్రభుత్వం చెప్పిన నిధికి జమ చేయాలి. చేయకపోతే కంపెనీకి ఆ మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది జరిమానా. పైన చెప్పిన పరిశోధనలు ప్రధానంగా చూసింది మెత్తగా ఉన్న పాత చట్టాన్ని. ఇప్పటి గట్టి చట్టానికి ఆ ఫలితాలను యథాతథంగా అంటించడం సరికాదు.

ఇంకో మార్పు కూడా అప్పుడే వచ్చింది. ఒక ఏడాది ఎక్కువ ఖర్చు పెడితే ఆ ఎక్కువను తర్వాతి మూడేళ్లలో సర్దుకోవచ్చు. ఎక్కువ ఇచ్చేవాళ్లు తగ్గిపోతున్నారన్న సమస్యకు ఇది కొంత ఊరట, కానీ సర్దుకున్నాక సగటు మళ్లీ ఆ రెండు దగ్గరికే వస్తుంది.

ఇది పన్ను కాదా మరి?

వాటాదారు కళ్లతో చూస్తే పన్నులాంటిదే. తప్పించుకోలేరు, ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోలేరు. తేడా ఒక్కటే, ఎక్కడ, దేనికి ఖర్చు పెట్టాలో కంపెనీయే నిర్ణయిస్తుంది. సమర్థించేవాళ్లు దాన్నే బలం అంటారు: డబ్బుతో పాటు కంపెనీ నిర్వహణ తెలివి కూడా వస్తుందని. విమర్శించేవాళ్లూ దాన్నే పట్టుకుంటారు: ప్రజల అవసరాలను ఎన్నికైన ప్రభుత్వం తేల్చాలి గానీ బోర్డు రూమ్ కాదని. నా మటుకు నాకు రెండో వాదనే బరువుగా అనిపిస్తుంది. ఎందుకో తర్వాతి ప్రశ్నలో కనిపిస్తుంది.

డబ్బు ఏ రాష్ట్రాలకు, ఏ జిల్లాలకు వెళుతోంది?

కంపెనీలు ఎక్కడుంటే అక్కడికి. ఏటా మొదటి స్థానం మహారాష్ట్రది. గుజరాత్, కర్ణాటక, తమిళనాడు లాంటి పారిశ్రామిక రాష్ట్రాలు తర్వాత వరసలో ఉంటాయి. పని చేసే చోటుకూ, చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అది సలహా మాత్రమే, తప్పనిసరి కాదని ప్రభుత్వం తర్వాత వివరణ ఇచ్చింది. అయినా బోర్డులకు అదే సౌకర్యం. వెనకబడిన జిల్లాలుగా 2018లో కేంద్రం ఎంపిక చేసిన వాటిలో ఆసిఫాబాద్, భూపాలపల్లి, విజయనగరం, కడప ఉన్నాయి. ఇలాంటి జిల్లాల్లో పెద్ద కంపెనీల ఆఫీసులు తక్కువ, అందుకే సీఎస్ఆర్ డబ్బు కూడా తక్కువే వస్తుంది.

హైదరాబాద్‌లో హెడ్డాఫీసు ఉన్న ఎన్‌ఎండీసీని, ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ రంగ సంస్థను చూడండి. తవ్వేది ఛత్తీస్‌గఢ్ బైలాడిలాలో, కర్ణాటక దోణిమలైలో. స్థానికత అంటే గని పక్కన ఊరా, హెడ్డాఫీసు ఉన్న నగరమా? గని పక్క ఊరే అని ఎవరైనా అంటారు. కానీ ఐటీ కంపెనీకి గని లేదు. దాని స్థానికత మాదాపూర్ చుట్టూ తిరుగుతుంది.

ప్రభుత్వ సీఎస్ఆర్ పోర్టల్‌లో రాష్ట్రాల వారీగా, జిల్లాల వారీగా లెక్కలు చూడొచ్చు. కాకపోతే పాన్ ఇండియా అన్న పద్దు ఒకటుంది. అందులో పడిన డబ్బు ఏ జిల్లాలో ఖర్చయిందో ఆ పట్టికలో కనిపించదు.

ఫలితాలు వచ్చాయో లేదో ఎవరు కొలుస్తారు?

మూడేళ్ల సగటున ఏడాదికి 10 కోట్లు, ఆ పైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, కోటికి తగ్గని ప్రాజెక్టుల మీద, అవి పూర్తయిన ఏడాది తర్వాత, స్వతంత్ర సంస్థతో మదింపు చేయించాలి. 10 కోట్ల బాధ్యత అంటే సగటు లాభం 500 కోట్లు ఉండాలి. అంతకన్నా చిన్నవాళ్లెవరూ ఫలితం కొలవక్కర్లేదు.

ఒక పల్లెలో చూసినది చెబుతాను. ఊరి మొగదల్లో సిమెంటు గది, దాని మీద కంపెనీ పేరుతో పెద్ద బోర్డు, ప్రారంభించిన తేదీ. లోపల తాగునీటి ఆర్వో ప్లాంటు. షట్టరుకు తాళం, తాళానికి తుప్పు. మెంబ్రేన్ పాడైంది, మార్చాలంటే డబ్బుల్లేవు, కరెంటు బిల్లు పంచాయతీ కట్టాలా ప్లాంటు నడిపే కుర్రాడు కట్టాలా అన్నది తేలలేదు. పక్క వీధిలో ప్రైవేటు ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు ఆటోలో తిరుగుతున్నాయి. కంపెనీ ఖాతాలో ఈ ప్రాజెక్టు పూర్తయింది, రూపాయి కూడా మిగల్లేదు. మార్చి నెలాఖరు లోపు ఖర్చు చూపించాలన్న తొందరలో మొదలయ్యే పనుల్లో నిర్వహణ ఖర్చు గురించి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

మదింపు చేసే సంస్థకు ఫీజు ఇచ్చేది ఆ కంపెనీయే. ఇది ఎంత చెడ్డ ఏర్పాటో గుజరాత్‌లో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. అక్కడ ఫ్యాక్టరీల కాలుష్యాన్ని కొలిచే ఆడిటర్లను ఫ్యాక్టరీలే పెట్టుకునేవి, డబ్బూ అవే ఇచ్చేవి. కొలతలు చాలావరకు అనుమతించిన హద్దుకు కాస్త కింద వచ్చి ఆగేవి, చిత్రంగా. ఎస్తేర్ దుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు కాలుష్య నియంత్రణ మండలితో కలిసి కొన్ని ఫ్యాక్టరీలకు పద్ధతి మార్చారు. ఆడిటర్‌ను లాటరీ పద్ధతిలో కేటాయించారు, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్ని కొలతలను వేరేవాళ్లతో మళ్లీ తీయించారు. ఆడిటర్లు నిజం రాయడం మొదలుపెట్టారు. దాంతో ఆ ఫ్యాక్టరీలు కాలుష్యమూ తగ్గించుకున్నాయి. 2013లో ప్రచురించిన ఈ పాఠాన్ని సీఎస్ఆర్ మదింపుకు వాడుకోకపోవడం నాకు అర్థం కాని విషయం. పెద్ద ఖర్చు కూడా కాదు.

ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన డబ్బు సీఎస్ఆర్ కిందికి వస్తుందా?

రాదు. కోవిడ్ సమయంలో 2020 ఏప్రిల్ 10న కేంద్రం ఇది స్పష్టంగా చెప్పింది. పీఎం కేర్స్‌కు ఇస్తే వస్తుంది. రాష్ట్రాలు దీన్ని అన్యాయమనే అన్నాయి, అందులో న్యాయం లేకపోలేదు. బుడమేరు పొంగినప్పుడు లాంటి విపత్తుల్లో కంపెనీ స్వయంగానో, అర్హత ఉన్న సంస్థ ద్వారానో సహాయం అందిస్తే మాత్రం లెక్కలోకి వస్తుంది.

గుడి కట్టిస్తే? విగ్రహం పెడితే?

సీఎస్ఆర్ కింద ఏ పనులు చేయొచ్చో చెప్పే జాబితా కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు. పూజా కార్యక్రమాలు అందులో లేవు. వారసత్వ కట్టడాల పునరుద్ధరణ ఉంది. ఈ సందు ఎంత పెద్దదో తెలియాలంటే సర్దార్ పటేల్ విగ్రహం సంగతి చూడాలి. ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు దానికి సీఎస్ఆర్ కింద దాదాపు 147 కోట్లు ఇచ్చాయి. కొత్తగా కట్టేది వారసత్వ సంపద ఎలా అవుతుందని 2018లో కాగ్ తప్పుపట్టింది.

గనుల దగ్గర జిల్లా ఖనిజ నిధి అంటారు, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. అది గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చింది. రాయల్టీకి అదనంగా గని యజమాని కట్టాలి, జిల్లా స్థాయి ట్రస్టు ఖర్చు పెడుతుంది. అక్కడ కంపెనీకి ఎంపిక లేదు. కొత్తగూడెం, భూపాలపల్లి లాంటి చోట్ల రెండూ ఉంటాయి కాబట్టి జనం కలిపేస్తుంటారు. బోర్డు మీద పేరు చూసి ఏ డబ్బో తేల్చుకోవచ్చు.

మా ఊరి బడికో, ఆసుపత్రికో అడగాలంటే ఎలా?

ముందుగా కంపెనీ వెబ్‌సైటులో సీఎస్ఆర్ విధానం, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు చూడండి. వాటిని అక్కడ పెట్టడం నియమం. చదువు మీద పనిచేసే కంపెనీని చెరువు పూడిక కోసం అడిగితే కాలం వృథా. స్వచ్ఛంద సంస్థ ద్వారా వెళుతుంటే దానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల పని అనుభవం ఉండాలి, కార్పొరేట్ వ్యవహారాల శాఖకు సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. ఆ నంబరు లేకుండా ఎంత మంచి ప్రతిపాదన రాసినా మొదటి టేబుల్ దాటదు. సెప్టెంబరు, అక్టోబరులో వెళ్లినవాళ్ల మాట వింటారు. మార్చిలో వెళ్లినవాళ్లకు డబ్బు దొరకొచ్చు గానీ, పైన చెప్పిన తాళం వేసిన గదిలాంటివి ఎక్కువగా పుట్టేది ఆ నెలలోనే. సింగరేణి లాంటి ప్రభుత్వ రంగ సంస్థలైతే సమాచార హక్కు కింద కూడా వివరాలు అడగొచ్చు. ప్రైవేటు కంపెనీని అలా అడగలేరు.

ఎంబీఏ ప్రాజెక్టుకు దీని మీద ఏ విషయం తీసుకోవచ్చు?

ఫలానా కంపెనీ సీఎస్ఆర్ కార్యక్రమాలపై ఒక అధ్యయనం అన్న పేరుతో యాభై మందికి ప్రశ్నావళి పంచే ప్రాజెక్టులు ఇక చాలు. ఒక్క జిల్లా తీసుకోండి. పోర్టల్‌లో ఆ జిల్లా పేరుతో ఉన్న ప్రాజెక్టుల జాబితా తీసి, రెండేళ్ల కిందట పూర్తయినవాటి దగ్గరికి బండి వేసుకుని వెళ్లండి. నడుస్తోందా, ఎవరు నడుపుతున్నారు, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, ఈ మూడే అడగండి. షేరు ధర మీదా, ఖర్చు మీదా మంచి పరిశోధన ఇప్పటికే ఉంది. పూర్తయిందని రాసిన పని రెండేళ్లకు ఏమైందన్న దాని మీద పని చాలా తక్కువ, అది చేయడానికి డేటాబేస్ చందా కూడా అక్కర్లేదు.